అడిగితే కాదనకూడని రాయి

మ్యూజియం ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఆ మధ్య నరసరావుపేటలో మా ఇంటికి వచ్చారు. పాత సంగతులు ఏవన్నా చెప్పమన్నారు. నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే బల్ల మీద నా బటన్ల ఫోను మోగింది. ఆ పిల్లల్లో అమ్మాయి దాన్ని చూసి నవ్వు ఆపుకోలేక, "సార్, ఇది ప్రీహిస్టారిక్" అంది.

తప్పేం లేదు. అందరూ అలాగే అంటారు. మా ఇంట్లో నా గొడుగును రాతియుగం అంటారు. టీవీలో ఒకాయన ఎదుటి పార్టీవాడి ఆలోచనలు రాతియుగం నాటివంటాడు. పల్లెల్లో ఇంత దూరం పోరు. తాతల కాలం అంటారు, మరీ పాతదైతే తెల్లోళ్ళ కాలం అంటారు. పుస్తకాల్లో దీనికి చరిత్ర పూర్వం అనే మాట ఉంది. అది బోర్డుల మీదే తప్ప మనుషుల నోట పెద్దగా వినపడదు. నేను ఉద్యోగం చేసిన చిన్న మ్యూజియంలో ఆ బోర్డు ఉండేది. దాని కిందే నేను చాలా ఏళ్ళు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వస్తువులు చూసుకోవడం, వాటి పక్కన పెట్టే చిన్న అట్టల మీద వివరాలు రాయడం నా పని.

ఆ మాటను ఎవరన్నా ఊరికే వాడితే మా ఆఫీసరు గారు ఊరుకునేవారు కాదు. ఆయనతో మా డ్రైవరుకు రోజూ ఇదే సరదా.

"ఈ జీపు చరిత్ర పూర్వం నాటిది సార్. ఇంకోటి ఇప్పించండి" అనేవాడు డ్రైవరు.

"ఎంత పాతదన్నది కాదయ్యా లెక్క. రాత ఉందా లేదా అన్నది లెక్క. జీపుకు ఆర్.సి. ఉంది. రాత ఉన్నదేదీ చరిత్ర పూర్వం కాదు."

"ఆర్.సి. ఎలకలు కొట్టేశాయి సార్."

"అయితే నువ్వన్నదే నిజం" అని ఆయన కాగితాల్లోకి తల దించుకునేవారు.

ఆ పిల్లలకు ఈ ముక్క చెప్పాను. చరిత్ర పూర్వం అంటే బాగా పాతకాలం అని కాదు. అప్పటి మనుషులు రాసిపెట్టింది ఏదీ మనకు దొరకని కాలం అని. వాళ్ళు ఏ భాష మాట్లాడారో, పక్కింటివాణ్ణి ఏమని పిలిచారో మనకు తెలియదు. వాళ్ళు చేసుకున్న వస్తువులు మాత్రం మిగిలాయి. రాత ఒక చోట ముందు వచ్చింది, ఒక చోట ఆలస్యంగా వచ్చింది. కాబట్టి ఆ కాలం అన్ని చోట్లా ఒకేసారి ముగియలేదు. ఇంతవరకు పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది ఒక రాయి దగ్గర జరిగింది. ఆ సంగతి కావాల్సినవాళ్ళు ఇంతకుముందు డ్రైవరును అడిగేవాళ్ళు. అతను నాకన్నా బాగా చెప్పేవాడు. పోయిన వానాకాలంలో అతను చనిపోయాడు. ఇక నేనే చెప్పాలి.

మా మ్యూజియం మాచర్ల వైపు ఉంది. అందులో రాతి పనిముట్లకు ఒక గది కొత్తగా సర్దుతున్నాం. పై నుంచి పెద్ద అధికారి వచ్చి ప్రారంభిస్తారని రోజు కూడా నిర్ణయమైంది. అన్నీ ఉన్నాయి గాని, మంచి నునుపు గొడ్డలి ఒక్కటి లేదు. నల్లరాతిని గంటలకొద్దీ అరగదీసి చేసే చిన్న గొడ్డలి అది. పిడి ఎప్పుడో పుచ్చిపోయి ఉంటుంది, రాయే మిగులుతుంది. మన పల్లెల్లో అవి దొరికితే పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడ్డాయని పిడుగురాళ్ళంటారు. పిడుగు పడకుండా ఇంట్లో దాచుకుంటారు. గొడ్డుకు జబ్బు చేస్తే ఆ రాయిని కడిగిన నీళ్ళు తాగిస్తారు.

గురజాల దగ్గర ఒక ఊళ్ళో అలాంటి రాయి ఉందని డ్రైవరు తెలుసుకొచ్చాడు. అతనిది మాచర్ల. తండ్రి లారీల మెకానిక్కు. ఆ చుట్టుపక్కల అతను ఆగి టీ తాగని ఊరు లేదు. ముగ్గురం వెళ్ళాం.

రాయి ఉన్న ఇల్లు ఒక రైతు కుటుంబానిది. యజమాని పోయాక ఆయన భార్యే వ్యవసాయం చూసుకుంటోంది. యాభై దాటిన మనిషి. వసారాలో మిరపకాయల తొడిమలు తీయిస్తోంది. ఆఫీసరు గారు మర్యాదగా కూర్చుని, ఆ రాయి మాకు కావాలమ్మా అన్నారు. ఎందుకని ఆమె అడగలేదు. లోపలికి పోయి, పసుపు గుడ్డలో చుట్టిన రాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

అంత మంచి గొడ్డలిని నేను అంతకుముందు చూడలేదు. అంచు ఇంకా పదునుగా ఉంది. తరతరాల చేతులు పడి, పసుపు పట్టి, నూనె పూసినట్టు మెరుస్తోంది. వెల ఏమన్నా ఇవ్వమంటారా అని ఆఫీసరు గారు అడిగితే ఆమె ముఖం చిట్లించింది. "దీనికి వెలేంది నాయనా" అంది. మేం బయల్దేరుతుంటే గడప దాకా వచ్చి, "ఏరువాక పున్నమి దగ్గర పడింది. గుర్తుపెట్టుకోండి" అంది.

పండక్కి పిలుస్తోందనుకున్నారు ఆయన. "తప్పకుండా వస్తామమ్మా" అన్నారు.

దారి పొడుగునా ఆయన ఆమె మంచితనాన్నే మెచ్చుకుంటూ వచ్చారు. డ్రైవరు ఒక్కడే, "అంత తేలిగ్గా ఇచ్చిందేంది సార్" అన్నాడు. నేను రాయిని ఒళ్ళో పెట్టుకుని అట్ట మీద ఏం రాయాలో ఆలోచిస్తున్నాను. మర్నాడు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, "చరిత్ర పూర్వ యుగం. కొత్త రాతియుగపు నునుపు గొడ్డలి. దానంగా లభించినది" అని రాసిపెట్టాను.

పున్నమికి ముందు రోజు ఆమె మ్యూజియానికి వచ్చింది. వెంట అదే ఊరి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో తువ్వాలు. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు గాని, ఆమె వెనక సీట్లో, ఆయన ముందు ఆటో అతని పక్కన. ఆ ఊళ్ళో రెండు పార్టీలున్నాయనీ, వీళ్ళిద్దరివీ చెరొక వైపు ఇళ్ళనీ మాకు అప్పటికి తెలియదు.

ఆమె నేరుగా ఆఫీసరు గారి దగ్గరికి వచ్చింది. "మీ గొడ్డుకు నయమైందా నాయనా?" అంది.

ఆయన నా వైపు చూశారు. నేను డ్రైవరు వైపు చూశాను.

"ఏ గొడ్డమ్మా?"

"గొడ్డు లేకుండా రాయి ఎందుకు తీసుకెళ్ళారు మరి? సర్లే, దేనికి వాడితే ఏంలే. అయిపోతే ఇచ్చెయ్యండి. రేపు వంతు మారుద్ది."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ రాయి ఆమెది కాదు. ఎవరిదీ కాదు. ఊళ్ళో కొన్ని ఇళ్ళకు దాని వంతు ఉంది. ఏరువాక పున్నమి నుంచి మళ్ళీ ఏరువాక పున్నమి దాకా ఒక్కో ఇంట్లో ఒక ఏడాది ఉంటుంది. ఉన్న ఇంటికి ఒకటే కట్టుబాటు. ఎవరొచ్చి అడిగినా కాదనకూడదు. ఏ కులమైనా, ఏ పార్టీ అయినా, నిన్న పొలం గట్టు మీద కర్రలు పట్టుకున్నవాడైనా సరే. ఎందుకని కూడా అడగకూడదు. కాదంటే రాయి పని చెయ్యదంటారు. తీసుకెళ్ళినవాడు వాడుకుని తెచ్చిస్తాడు. మేం అడిగాం, ఆమె ఇచ్చింది. మేం దాన్ని దానం అనుకున్నాం. ఆమె దృష్టిలో మేం ఇంకా తెచ్చివ్వనివాళ్ళం.

పెద్దమనిషి ఈలోపు అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళి నేను రాసిన అట్ట పైకి చదివాడు. "దానంగా లభించినది" అన్న చోట ఆగి, ఆమె వైపు తిరిగాడు.

"చూశావా వదినా? దానం చేశావంట. నేను చెప్పలా? రేపు మా ఇంటికి రావాల్సింది గదా, అందుకని గవర్నమెంటుకు అప్పజెప్పావు."

"నోరు జారబాక మరిదీ. అడిగారు, ఇచ్చా. పోయినసారి మీ ఇంట్లో ఉన్నప్పుడు నేనడిగితే మీ ఆవిడ గంట నిలబెట్టింది వాకిట్లో. నేనేమన్నా అన్నానా?"

"స్నానం చేస్తందని చెప్పింది గదా."

"గంటసేపా?"

ఇది సరదాగా మొదలైనట్టుంది గాని సరదా కాదు. రేపు మధ్యాహ్నంలోపు ఆమె ఆ రాయిని ఊరందరి ముందు ఆయన చేతిలో పెట్టకపోతే, అడిగితే ఇచ్చే ఇల్లన్న పేరు పోయి అమ్ముకున్న ఇల్లన్న పేరు వస్తుంది. ఆ తర్వాత రెండు పార్టీలకూ కలిపి ఉన్న ఒక్క సంగతీ ఉండదు. ఒకరి ఇంటికి ఇంకొకరు పోవడానికి ఆ ఊళ్ళో మిగిలిన కారణం ఆ రాయేనని ఆటో అతను మా డ్రైవరుకు విడిగా చెప్పాడు.

పెద్దమనిషి మళ్ళీ అట్ట వైపు తిరిగి, "చరిత్ర పూర్వం అంటే ఏందండీ?" అన్నాడు.

ఆఫీసరు గారు ఎవరికైనా ఒకేలా చెప్పేవారు. రాతలు లేని కాలమనీ, దీన్ని చేసిన మనుషుల గురించి రాసింది ఏదీ లేదనీ చెప్పారు.

"రాసింది ఇప్పుడు మాత్రం ఏముంది?" అంది ఆమె. "మా ఇంటికి ముందు ఎవరింట్లో ఉంది, వాళ్ళకు ముందు ఎవరింట్లో ఉంది, ఎవరు రాశారు?"

"మా చిన్నాన్న వాళ్ళింట్లో ఉంది" అన్నాడు పెద్దమనిషి.

"కాదు, మా ఆడపడుచు వాళ్ళింట్లో."

దాని మీద ఇద్దరూ ఇంకో వాదం పెట్టుకున్నారు. ఎవరి మాటా తేలలేదు. ఆఫీసరు గారు వాళ్ళిద్దర్నీ చూస్తూ నవ్వుకోవడం నాకు కనిపించింది. తర్వాత ఆయన నాతో అన్నారు, "పెట్టెలో రాయి చరిత్ర పూర్వానిదని రాశాం. దాని వాడకం కూడా చరిత్ర పూర్వానిదే. కాకపోతే అది పోయిన వారం దాకా నడిచింది. మనమే ఆపాం."

ఎవరూ తప్పుపట్టలేని మాటే గాని, దానితో పని జరగదు. పెద్ద అధికారి వచ్చే రోజు దగ్గర పడింది. మా స్టాకు పుస్తకంలో ఎక్కించిన వస్తువు బయటికి పంపాలంటే పై వాళ్ళు ఒప్పుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఎక్కించకముందే అయితే ఆఫీసరు గారి ఇష్టం. మా అదృష్టం, ప్రారంభం హడావుడిలో అట్ట రాశాం గాని స్టాకులో ఇంకా ఎక్కించలేదు. ఇచ్చేస్తే గదిలో ముఖ్యమైన పెట్టె ఖాళీ. పెద్ద అధికారికి ఏం చెప్పాలి? ఆఫీసరు గారు ఆమెతో, "రేపు నేనే తెస్తానమ్మా. మీ చేతికే ఇస్తాను" అన్నారు.

మర్నాడు జీపు సగం దారి దాటగానే వేడెక్కింది. డ్రైవరు దాన్ని తిట్టుకుంటూ, ఆపుకుంటూ, ఎట్లాగో ఊరు చేర్చాడు. నీళ్ళ ట్యాంకు కింద గొడ్ల తొట్టి దగ్గర జనం ఉన్నారు. ఎద్దుల కొమ్ములకు రంగులు వేశారు. ఎద్దులు లేనివాళ్ళు ట్రాక్టరు బానెట్టుకు పసుపు పూసి తెచ్చారు. ఒక పార్టీ తొట్టికి ఈ పక్క, ఇంకో పార్టీ ఆ పక్క. ఎవరూ నిలబెట్టకుండానే అలా నిలబడ్డారు.

ఆఫీసరు గారు రాయిని ఆమె చేతికి ఇచ్చారు. ఆమె దాన్ని ఇత్తడి బేసిన్‌లో పెట్టి కడిగింది. వచ్చినవాళ్ళు గ్లాసులతో, చెంబులతో ఆ నీళ్ళు ముంచుకుని గొడ్లకు తాగించారు. తర్వాత ఆమె రాయిని తుడిచి, గుడ్డలో చుట్టి, తొట్టి అవతలికి నడిచి, పెద్దమనిషి చేతిలో పెట్టింది. "చూసుకో మరిదీ. ఇదిగో, అమ్ముకోలా" అంది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళకు అద్దుకున్నాడు.

జరగాల్సింది జరిగింది. మేం బయల్దేరితే సరిపోయేది. ఆఫీసరు గారు ముందుకు వెళ్ళి పెద్దమనిషి ఎదురుగా నిలబడ్డారు.

"అయ్యా, ఆ రాయి నాకు కావాలి" అన్నారు.

పెద్దమనిషి వెనక ఉన్న కుర్రాళ్ళలో ఒకడు, "ఇవ్వబాక బాబాయ్. ఇప్పుడేగా వచ్చింది" అన్నాడు. ఇంకొకడు ఆఫీసరు గారి వైపు చూసిన చూపు బాగాలేదు. నేను డ్రైవరు కోసం చూశాను. అతను జీపు బానెట్టు ఎత్తి అందులో తల పెట్టాడు.

"ఎన్నాళ్ళకు తెస్తారు?" అన్నాడు పెద్దమనిషి చివరికి.

"మళ్ళీ ఏరువాకకు. ఈలోపు మీ ఊరివాళ్ళు ఎవరొచ్చి అడిగినా పెట్టె తీసి ఇస్తాం. కాదనం."

"ఏడాది పొడుగునా మీకాడ ఉంటే మా ఇంటికి వంతు వచ్చినట్టెట్టా?"

ఆమె అప్పటికే తన పక్కకు వెళ్ళి నిలబడింది. జవాబు తొట్టి అవతల నుంచి వచ్చింది.

"అడిగితే కాదనకూడదు మరిదీ" అంది ఆమె. "నాకు మాత్రం ఊరికే వచ్చిందా అంత మాట? నేనిచ్చినందుకు నిన్నంతా తిట్టావు. ఇప్పుడు నీ వంతు. ఇయ్యి."

అవతలి పక్క ముందు నవ్వారు. తర్వాత ఈ పక్క కూడా ఎవరో నవ్వారు. పెద్దమనిషి రాయిని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకూ నవ్వు వచ్చింది, దాచుకున్నాడు. "ఒక పని చెయ్యండి. అక్కడ అట్ట మీద దానం అని రాశారు గదా, అది కొట్టెయ్యండి. ఏ ఏడాది ఎవరింటి వంతో ఆ ఇంటి పేరు రాయండి."

"రాస్తే చరిత్ర అయిపోద్దండీ" అన్నారు ఆఫీసరు గారు. ఆయన నోట మా యాస వినడం నాకు అదే మొదలు.

"అయితే కానీండి" అని రాయి చేతిలో పెట్టాడు.

ఈ సందడిలో డ్రైవరు ఖాళీ డబ్బాతో ఆమె దగ్గరికి వెళ్ళాడు. "పెద్దమ్మా, బేసిన్‌లో నీళ్ళు కొంచెం పొయ్యవా?"

"ఇవి గొడ్డుకు పోసేయి నాయనా."

"నాదీ గొడ్డే పెద్దమ్మా. మేత ఎక్కువ, పని తక్కువ. రొప్పుతంది."

ఆమె పోసింది. అడిగితే కాదనకూడదు గదా. అతను ఆ నీళ్ళు రేడియేటర్లో పోశాడు. జీపు మాచర్ల దాకా ఆగకుండా వచ్చింది. ఆఫీసరు గారు, చల్లటి నీళ్ళు ఏవి పోసినా అలాగే వస్తుందయ్యా అన్నారు. డ్రైవరు ఒప్పుకోలేదు.

పెద్ద అధికారి వచ్చినప్పుడు పెట్టెలో రాయి ఉంది. అట్ట మార్చాను. "చరిత్ర పూర్వ యుగం. నునుపు గొడ్డలి. నేటికీ వాడుకలో ఉన్నది. అడిగి తెచ్చుకున్నది." దాని కింద ఆ ఏటి ఇంటి పేరు. పెద్ద అధికారి రెండుసార్లు చదివి, ఇదేమిటని అడిగారు. ఆఫీసరు గారు చెప్పారు. ఆయన ఏమనుకున్నారో తెలియదు గాని, మార్చమని మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఆ ఊరి నుంచి సీసాలు పట్టుకుని మనుషులు వచ్చేవాళ్ళు. మా వాచ్‌మన్ మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత రాయి కడిగివ్వడానికి అతనే పక్కన ఒక బేసిన్ పెట్టుకున్నాడు. ఒకసారి పెద్దమనిషి మనవరాలికి పరీక్షలని కూడా నీళ్ళు తీసుకెళ్ళారు. ఫలితం ఏమైందని మేం అడగలేదు. ఎందుకని అడగకూడదు గదా. ఏటేటా ఏరువాకకు రాయిని తీసుకెళ్ళి, కొత్త ఇంటికి చేరాక, మళ్ళీ అడిగి తెచ్చుకునేవాళ్ళం. ఆఫీసరు గారు బదిలీ అయి వెళ్ళారు. తర్వాత వచ్చినవాళ్ళకు ఈ పద్ధతి నేనే చెప్పాను. నా తర్వాత వచ్చినవాళ్ళు ఇంకా పాటిస్తున్నారు. ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిట్లో నాకు తృప్తిగా అనిపించేది ఇదే. ఇందులో నేను చేసింది అట్టలు రాయడమే అయినా.

జీపును తుక్కు కింద తీసేశారు. డ్రైవరు రిటైరై ఒక పాత కారు కొనుక్కున్నాడు. ఇద్దరికీ పని లేకపోయినా ఏరువాకకు మాత్రం తప్పకుండా వెళ్ళేవాళ్ళం. ప్రతిసారీ అతను ఆ నీళ్ళు అడిగి కారు రేడియేటర్లో పోసేవాడు. ఆమె ప్రతిసారీ, "నీ గొడ్డు ఇంకా బతికే ఉందా?" అనేది.

అతను పోయాక అతని ఇంటికి వెళ్ళాను. ఏదన్నా అతని చేతిరాత ఉంటే ఒకటి దగ్గర పెట్టుకుందామనిపించింది. ఏమీ లేదు. అతను సంతకం తప్ప ఏమీ రాసేవాడు కాదు. వాళ్ళావిడ అతని స్పానర్ల పెట్టె చూపించింది. ఒక స్పానరు పిడి అరిగి నున్నగా ఉంది. నేను దాన్ని చేత్తో పట్టుకుని చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టాను.

ఈ ఏరువాకకు నేను ఒక్కణ్ణే గురజాల బస్సులో వెళ్ళాను. మ్యూజియం నుంచి ఇంకో అబ్బాయి రాయిని తెచ్చాడు. ఆమె ఇప్పుడు బాగా పెద్దదైపోయింది, కుర్చీలో కూర్చుని చూస్తోంది. నన్ను గుర్తుపట్టి నా వెనక్కి చూసింది.

"నీ జతగాడు ఏడి?"

చెప్పాను. ఆమె కోడల్ని పిలిచి, బేసిన్‌లో నీళ్ళు ఒక సీసాలో పట్టమంది.

"నాకు బండి లేదమ్మా. బస్సులో వచ్చా" అన్నాను. "నేను అడగలేదు గదా."

"నువ్వెప్పుడు అడిగావులే" అంది. "ఆయన అడిగాడుగా. ఇక చాలని ఆయన మాకు చెప్పలా."

సీసా తీసుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ బాగా ఉంది. నరసరావుపేట దాకా బస్సు ఎక్కడా వేడెక్కలేదు.